కరగని ఎరువు
(లీబిగ్ జీవితము)

దివిసీమ రైతుకు వరిచేలో పైపాటు ఎరువు వేయుటకు ముందు ఒక చిన్న పని కలదు. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండిగాని, 250 కిలోల తేమ మట్టిగాని కలిపి, రెండు దినములు నిలువయుంచి, ఆ పిమ్మట చల్లును. వట్టి యూరియా చల్లినచో కొంత గాలిలో కలియును, కొంత మురుగుకాలువ పాలగును. 2015 తరువాత వేపనూనె పూతతోనే యూరియా బస్తాలు వచ్చుచున్నవి గనుక వేపపిండి అవసరము కొంత తగ్గినది. ఎరువు ఒక్కసారిగా కరగిపోరాదు, పైరు అడిగినట్లెల్ల మెల్లమెల్లగా అందవలెను అన్నదే ఇందలి సూత్రము. ఈ ఆశతోనే 1845లో ఒక మహారసాయనికుడు కర్మాగారపు కొలిమి నాశ్రయించి, ఘోరముగా ఓడిపోయెను. ఆయనయే జస్టస్ ఫాన్ లీబిగ్. మన కళాశాలల ప్రయోగశాలలలో లీబిగ్ కండెన్సరు చూడని విద్యార్థి యుండడు. చిత్రమేమనగా, అది ఆయన కనిపెట్టినది కాదు. ప్రచారములోనికి తెచ్చినది మాత్రమే.

లీబిగ్ 1803 మే 12న జర్మనీలోని డార్మ్‌స్టాట్ పట్టణమున జన్మించెను. తండ్రి రంగులు, మందుదినుసులు అమ్ముకొను వర్తకుడు. సంతలో ఒక తిరుగుడు వర్తకుడు పేలుడు బొమ్మలు చేయుట చూచి, బాలుడు ఇంటివద్ద తానును ఆ మందు చేయ నేర్చెను. బడిచదువు అంటలేదు. మందుల దుకాణమున పనికి పెట్టగా అదియు నిలువలేదు. పేలుడే కారణమని కొందరు, తండ్రి రుసుము చెల్లింపలేకపోయెనని కొందరు చెప్పుదురు.

ఆయనకు పదుమూడవ యేట, 1816లో, ఐరోపాకు వేసవి రాలేదు. అంతకు ముందటి యేడు ఇండొనేషియాలో తంబోరా అగ్నిపర్వతము బ్రద్దలై, దాని ధూళి ఆకాశమును క్రమ్మినందున పైరులు పండలేదు; జర్మను గ్రామములు ఆకలితో అలమటించినవి. తరువాతి కాలమున నేలను గూర్చి ఆయన పడిన ఆరాటమునకు బీజము ఇచ్చటనే పడెనని నేను తలంతును.

పారిస్‌లో గేలుసాక్ వద్ద శిక్షణ పొంది, హంబోల్ట్ ప్రాపున 1824లో, ఇరువదియొక్క యేండ్ల ప్రాయముననే గీసెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. విద్యార్థులు తమ చేతులతో తామే ప్రయోగములు చేసి నేర్చుకొను పద్ధతి ఆయన ప్రయోగశాల నుండియే లోకమంతటను వ్యాపించెను. ప్రాణమిత్రుడైన వోలర్ 1828లో యూరియాను జీవి సహాయము లేకయే తయారుచేసెను. మన రైతు బస్తాలోనిది ఆ పదార్థమే. 

1840లో లీబిగ్ వ్యవసాయ రసాయన గ్రంథమును ప్రకటించెను. మొక్క కుళ్ళిన పదార్థమును తినదు, లవణములను గ్రహించును. ఏ పోషకము మిక్కిలి కొరతగా నున్నదో దానినిబట్టియే పంట యుండును అని చాటెను. ఈ రెండవ మాట స్ప్రెంగెల్ అంతకుముందే చెప్పియుండెను. ఆతనికి ఈయన ఇచ్చిన గౌరవము మాత్రము స్వల్పము.

ఇక ఓటమి కథ. 1845లో లివర్‌పూల్ ప్రాంతపు మస్ప్రాట్ కర్మాగారమున లీబిగ్ ఎరువు తయారయ్యెను. పొటాషును వాన కడిగివేయునని భయపడి, దానిని సున్నము, సోడాలతో కలిపి కొలిమిలో కరగించి, గాజువలె గట్టిపడినదానిని పొడిచేయించెను. నత్రజని సంగతి ఆయన అంతగా పట్టించుకొనలేదు. వానతో వచ్చు అమోనియాయే చాలునని నమ్మకము. రైతులు కొని చల్లిరి. ఎరువు కరగలేదు. పైరు పెరుగలేదు. ఆయన గీసెన్ వద్ద యిసుకనేల కొని యేండ్ల తరబడి పరీక్షించుకొనెను. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ పొలములందు లాస్, గిల్బర్టులు అమోనియా లవణములు వేసినచోట గోధుమ విరగబండెనని చూపగా, లీబిగ్ వారిపై కత్తిగట్టెను. ఆ కలహము చాలకాలము సాగెను. కోపము ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణము.

1850లో వే అను రసాయనికుడు మట్టి నింపిన గొట్టముగుండా అమోనియా నీటిని పోయగా, క్రిందికి దిగిన నీటిలో అమోనియా కానరాలేదు. బంకమట్టి దానిని పట్టి నిలుపుకొనెను. పొటాషును గూడ అట్లే నిలుపును. మన గుడివాడ రేగడిలో అట్టి బంకమట్టియే మిక్కుటము. కొలిమి చేయదలచిన పనిని నేల ఏనాటినుండియో చేయుచున్నదన్నమాట! అయితే సూక్ష్మజీవులు అమోనియాను నైట్రేటుగా మార్చినచో బంకమట్టి దానిని పట్టలేదు. వేపపిండి ఆ మార్పును మందగింపజేయును. మట్టి కలిపి యుంచిన రెండు దినములలో యూరియా కొంత అమోనియాగా మారి ఆ మట్టినే అంటుకొనును.

1852లో లీబిగ్ మ్యూనిక్ చేరెను. 1862లో వెలువడిన తన గ్రంథపు ఏడవ కూర్పునందు, సృష్టికర్త చేసిన ఏర్పాటును దిద్దబూనుట తాను చేసిన అపరాధమని ఎల్లరెదుట ఒప్పుకొనెను. అంతటి అహంకారి నోట అట్టి మాట వచ్చుట అపూర్వము. ఐనను లాస్‌పై పగ చల్లారినట్లు తోచదు.

ఆయన 1873 ఏప్రిల్ 18న మ్యూనిక్ నగరమున కన్నుమూసెను. పప్పుజాతి మొక్కలకు నత్రజని ఎచ్చటనుండి వచ్చుచున్నదో ఆయనకు తుదివరకు అంతుపట్టలేదు. 1886లో హెల్‌రీగెల్ ఆ మొక్కల వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలినుండి దానిని పట్టుచున్నవని ఋజువుచేసెను. మన డెల్టాలో వరి కోతకు ముందు, తడియారని చేలో మినుము చల్లుకొనుట వాడుక.