ఆర్చిబాల్డ్ గారోడ్

సర్ ఆర్చిబాల్డ్ ఎడ్వర్డ్ గారోడ్ (నవంబరు 25, 1857 - మార్చి 28, 1936) ఇంగ్లండుకు చెందిన వైద్యుడు, జీవరసాయన పరిశోధకుడు. ముఖకవళికల వలెనే ప్రతి మనిషి శరీరంలోని రసాయన చర్యలు కూడా కొంత భిన్నంగా ఉంటాయని ప్రతిపాదించి, దానికి "రసాయనిక వైయక్తికత" అనే అర్థమిచ్చే పేరు పెట్టాడు. పుట్టుకతో వచ్చే జీవక్రియా లోపాలను మెండెల్ అనువంశిక సూత్రాలతో ముడిపెట్టిన మొదటి వైద్యుడు ఈయనే. రోగి జన్యువులను బట్టి మందును, మోతాదును నిర్ణయించే వ్యక్తిగత వైద్యానికి మూలపురుషులలో ఒకడుగా గారోడ్‌ను పరిగణిస్తారు.

బాల్యము, విద్య

గారోడ్ లండనులో జన్మించాడు. తండ్రి సర్ ఆల్ఫ్రెడ్ బేరింగ్ గారోడ్ పేరుపొందిన వైద్యుడు. గౌట్ అనే కీళ్ళవ్యాధి ఉన్నవారి రక్తంలో యూరిక్ ఆమ్లం అధికంగా ఉంటుందని కనుగొన్నది ఆయనే. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అనే పేరు కూడా ఆయన పెట్టినదే. వ్యాధికి కారణాన్ని రసాయనశాస్త్రంలో వెదకటం ఈ విధంగా కుమారునికి ఇంటిలోనే అలవడింది.

మార్ల్‌బరోలో పాఠశాల విద్య ముగించిన గారోడ్, ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చ్ కళాశాలలో ప్రకృతి శాస్త్రాలు చదివి 1880లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. తరువాత లండనులోని సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రిలో వైద్యవిద్య అభ్యసించి, కొంతకాలం వియన్నాలో శిక్షణ పొందాడు. 1886లో లారా ఎలిజబెత్ స్మిత్‌ను వివాహమాడాడు.

వైద్యవృత్తి

1892లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్‌లోని పిల్లల ఆసుపత్రిలో సహాయ వైద్యునిగా చేరాడు. సెయింట్ బార్తొలొమ్యూలో పూర్తిస్థాయి వైద్యుని పదవి మాత్రం 1912లో గాని లభించలేదు. ఈ సుదీర్ఘ నిరీక్షణ కాలంలో ఆయన మూత్రానికి రంగునిచ్చే పదార్థాలపై పరిశోధన సాగించాడు. 1929లో నోబెల్ బహుమతి పొందిన ఫ్రెడరిక్ గౌలండ్ హాప్‌కిన్స్ ఈ పరిశోధనలో కొంతకాలం ఆయనకు సహచరుడు.

ఆల్కాప్టన్యూరియాపై పరిశోధన

ఆల్కాప్టన్యూరియా అరుదైన వ్యాధి. ఈ వ్యాధి ఉన్నవారి మూత్రం గాలి తగిలిన కొంతసేపటికి నల్లబడుతుంది. హోమోజెంటిసిక్ ఆమ్లం దీనికి కారణము. ఫినైల్ అలనిన్, టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు శరీరంలో విచ్ఛిన్నమయ్యే మార్గంలో ఈ ఆమ్లం ఒక మజిలీ. ఆరోగ్యవంతులలో ఇది వెంటనే మరొక పదార్థంగా మారిపోతుంది. రోగులలో అక్కడే నిలిచిపోయి మూత్రంలో బయటపడుతుంది. పేగులలోని సూక్ష్మజీవులే దీనికి కారణమని ఆనాటి పలువురు పరిశోధకులు భావించేవారు.

గారోడ్ ఈ భావనను సందేహించాడు. ఈ వ్యాధి ఉన్న ఒక బాలుని కుటుంబంలో 1901లో మరొక శిశువు జన్మించినపుడు, పుట్టినప్పటినుండి ఆ శిశువు మూత్రాన్ని జాగ్రత్తగా గమనింపజేశాడు. సుమారు 52 గంటలకు గుడ్డలపై నల్లని మరకలు కనబడ్డాయి. లోపం పుట్టుకతోనే వచ్చిందని దీనితో ఆయనకు నమ్మకం కుదిరింది. తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉన్నా బిడ్డలలో ఒకరికి మించి ఈ వ్యాధి రావటం, అటువంటి తల్లిదండ్రులలో అనేకులు అన్నదమ్ముల లేదా అక్కచెల్లెళ్ళ సంతానమై ఉండటం కూడా ఆయన గమనించాడు.

మెండెల్ సూత్రాలు 1900లో తిరిగి వెలుగులోకి వచ్చాయి. ఇది అంతర్గత లక్షణంగా సంక్రమిస్తున్నదని విలియం బేట్‌సన్ సూచించాడు. తల్లినుండి, తండ్రినుండి కూడా లోపమున్న కారకం అందితేనే బిడ్డకు వ్యాధి వస్తుంది. దగ్గరి చుట్టరికంలో పెళ్ళి జరిగినపుడు ఆ అవకాశం పెరుగుతుంది. ఈ వివరణతో గారోడ్ వ్యాసం 1902 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో వెలువడింది. కొందరికి కొన్ని మందులు పడకపోవటానికి కూడా ఇటువంటి రసాయనిక భేదాలే కారణం కావచ్చునని ఆయన ఆ వ్యాసంలోనే సూచించాడు.

1908లో ఇచ్చిన క్రూనియన్ ఉపన్యాసాలలో ఆల్కాప్టన్యూరియా, ఆల్బినిజం, సిస్టిన్యూరియా, పెంటోస్యూరియా అనే నాలుగు లోపాలను చర్చించాడు. ఇవి 1909లో గ్రంథరూపంలో వచ్చాయి.

యుద్ధకాలము, చివరి రోజులు

1910లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో మాల్టాలో సైనిక వైద్య సలహాదారుగా పనిచేసి, 1918లో సర్ బిరుదు పొందాడు. ఆ యుద్ధం ఆయనకు తీరని శోకం మిగిల్చింది. ఇద్దరు కుమారులు యుద్ధంలో మరణించగా, మూడవ కుమారుడు 1919లో ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయాడు. ఏకైక కుమార్తె డొరొతీ గారోడ్ పురావస్తు శాస్త్రజ్ఞురాలై, 1939లో కేంబ్రిడ్జిలో ఆచార్య పీఠానికి ఎన్నికైన తొలి మహిళగా చరిత్రకెక్కింది.

విలియం ఆస్లర్ మరణానంతరం 1920లో గారోడ్ ఆక్స్‌ఫర్డులో రీజియస్ వైద్య ఆచార్యునిగా నియమితుడై 1927 వరకు కొనసాగాడు. కొందరు ఒక వ్యాధికి సులభంగా లోనవుతారు, మరికొందరు తట్టుకుంటారు. దీనికి వారి సహజ రసాయన నిర్మాణమే కారణమని 1931లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. 1936లో కేంబ్రిడ్జిలో మరణించాడు.

ఆలస్యంగా లభించిన గుర్తింపు

జీవించి ఉండగా గారోడ్‌కు పదవులు, గౌరవాలు లభించినా, ఆయన ముఖ్య సిద్ధాంతాన్ని పట్టించుకున్నవారు తక్కువ. వైద్యులకు అది అరుదైన రోగాల ముచ్చటగా తోచింది. 1941లో బీడిల్, టేటమ్‌లు జన్యువులు ఎంజైములను శాసిస్తాయని ప్రయోగాలతో చూపారు. 1958లో నోబెల్ బహుమతి అందుకున్నపుడు బీడిల్ ఈ భావనకు ఆద్యుడు గారోడ్ అని అంగీకరించాడు. ఆల్కాప్టన్యూరియాలో లోపించిన ఎంజైము 1958లోను, దాని జన్యువు 1996లోను నిర్ధారణ అయినాయి.

వ్యక్తిగత వైద్యము, ఫార్మసిస్టులు

మందుల విషయంలో గారోడ్ చేసిన సూచన 1950లలో రుజువయింది. మలేరియాకు వాడే ప్రైమాక్విన్ కొందరిలో ఎర్ర రక్తకణాలను నాశనం చేయటానికి జి6పిడి అనే ఎంజైము లోపమే కారణమని 1956లో తేలింది. ఈ శాస్త్రానికి 1959లో ఫ్రెడరిక్ ఫోగెల్ ఫార్మకోజెనెటిక్స్ అని పేరు పెట్టాడు.

ఇందుకు తెలుగువారికి సంబంధించిన ఉదాహరణ కూడా ఉన్నది. శస్త్రచికిత్సలో కండరాలను సడలించటానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం సాధారణంగా కొద్ది నిమిషాలలో తొలగిపోతుంది. బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము తగినంత లేనివారిలో అది గంటల తరబడి నిలిచి, ఊపిరి తిరిగి రాక కృత్రిమ శ్వాస అవసరమవుతుంది. ఈ లోపం వైశ్య సముదాయంలో ఎక్కువగా ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు. తరతరాలుగా వివాహాలు సముదాయంలోనే జరగటం దీనికి కారణము. కుటుంబంలో ఇటువంటి అనుభవం ఉంటే ఆపరేషనుకు ముందే మత్తువైద్యునికి తెలియజేయాలి.

వైద్యుడు వ్రాసిన మందు రోగి చేతికి చేరేముందు దానిని చివరిసారి పరిశీలించేది ఫార్మసిస్టు. అందువలన ఈ జ్ఞానం ఆయనకు కూడా అవసరము. కోడీన్‌ను శరీరం మార్ఫిన్‌గా మారుస్తుంది. ఈ మార్పు కొందరిలో అతివేగంగా జరిగి ప్రమాదం తెస్తుంది, మరికొందరిలో జరగక నొప్పి తగ్గదు. గుండెరోగులు వాడే క్లోపిడోగ్రెల్ కొందరిలో సరిగా పనిచేయదు. మూర్ఛకు ఇచ్చే కార్బమాజెపిన్ ఒక ప్రత్యేక జన్యురూపం ఉన్నవారిలో ప్రాణాంతకమైన చర్మవ్యాధి కలిగించవచ్చు. ఫార్మసిస్టులు ఈ విధానాన్ని ఆదరిస్తున్నా, జన్యుపరీక్షల ఫలితాలను అన్వయించటంలో వారికి తగిన శిక్షణ లేదని పలు దేశాలలో జరిగిన సర్వేలు తెలిపాయి. పరీక్ష ఖర్చు, ఫలితానికి పట్టే సమయం ఇతర ఆటంకాలు. పరీక్ష సౌకర్యం లేనిచోట కూడా, గతంలో రోగికి గాని, రక్తసంబంధీకులకు గాని ఏదైనా మందు పడలేదా అని ఫార్మసిస్టు అడిగి తెలుసుకోవచ్చు. గారోడ్ తన రోగుల కుటుంబాలను గురించి విచారించిన పద్ధతి కూడా ఇటువంటిదే.