తాళపత్రమునుండి తపాలావఱకు: బ్రౌను దొరగారి చరిత్రము

సీతమ్మధారలోని మన బాలబాలికలు చేతిఫోనులో నొక తెలుగుమాట వ్రాసినచో నది క్షణములో సముద్రములు దాటి బంధువులను జేరుచున్నది. ఒకప్పుడు తెలుగుమాట ఒక తరమునుండి మఱియొక తరమునకు జేరుటయే దుర్లభముగ నుండెను. ఆ మార్గమును సుగమము చేయ పాటుపడిన చార్లెసు ఫిలిప్పు బ్రౌనుగారి జీవితమును చదువరులకు సంగ్రహముగా విన్నవించుచున్నాము.

బ్రౌనుగారు 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీని కలకత్తాలో జన్మించిరి. తండ్రి డేవిడ్ బ్రౌనుగారు క్రైస్తవ బోధకులు. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు దరలెను. 1817లో బ్రౌనుగారు కంపెనీ యుద్యోగిగా చెన్నపట్టణము వచ్చి, తెలుగు నేర్చి, 1820లో కడప జేరిరి.

ఆ కాలమున కావ్యములు తాటాకులపై గంటముతో వ్రాయబడుచుండెను. ఆకులు పురుగుల పాలగును. ఎత్తివ్రాయువారి పొరపాటులు ప్రతిప్రతికిని పెరుగును. బ్రౌనుగారు కడపలో బంగళా కొని, పండితులకును లేఖకులకును తమ సొమ్ముతో జీతములిచ్చి, ఒక్కొక్క గ్రంథమునకు బెక్కు ప్రతులు తెప్పించి, సరిపోల్చి, తప్పులు దిద్దించి, కాగితములపై శుద్ధప్రతులు వ్రాయించిరి. ఇందులకై అప్పులు చేయుటకును వెనుదీయలేదు. జూలూరి అప్పయ్యశాస్త్రిగారివంటి పండితులు లేనిచో నీ పని సాగెడిది కాదు. దొరగారిని దలచి వారిని మఱచుట న్యాయము గాదు.

1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో నచ్చువేయించిరి. 1840లో వ్యాకరణమును, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువును వెలువడెను.

1846లో వారు చెన్నపట్టణమున పోస్టుమాస్టరు జనరలైరి. అప్పటికి ఉత్తరముల రుసుము దూరమునుబట్టి పెరుగుచుండెను. 1854లో దేశమంతట నెంత దూరమునకైనను, పావుతులము మించని యుత్తరమునకు అర్ధణా బిళ్ల చాలునను పద్ధతి యేర్పడెను. 1855లో తంతివార్తలు ప్రజలకును అందుబాటులోనికి వచ్చెను. ఆ యేటికే బ్రౌనుగారు ఉద్యోగము చాలించిరి. పిమ్మట లండనులో తెలుగు ఆచార్యులుగా నుండి, 1884వ సంవత్సరము డిశంబరు 12వ తేదీని దివంగతులైరి. కడపలో వారు నివసించిన చోట నేడు వారి పేరిట గ్రంథాలయమున్నది.

గంటము పోయి కలము వచ్చెను. తంతి పోయి ఫోను వచ్చెను. సాధనములు మాఱుచునే యుండును. మాటను పదిలపఱచి ముందువారికి జేర్చు శ్రద్ధ మాత్రము మనుష్యునిదే. విద్యార్థులారా, మీ యిండ్లలో తాతలనాటి ఉత్తరములుగాని, తాటాకు కట్టలుగాని యున్నచో పారవేయకుడు. పెద్దలచేత చదివించుకొని, మీ చేతితో నొక ప్రతి వ్రాసి యుంచుడు.