అపాచీ నాయకుడు కోచీసు

జాన్ ఫోర్డు 1948లో తీసిన ‘ఫోర్ట్ అపాచీ’ చలనచిత్రమున ఒక సేనాని, తన క్రింది అధికారి అపాచీ నాయకునకిచ్చిన మాటను త్రోసిపుచ్చి యుద్ధమునకు దిగి, దళముతో గూడ నశించును. ఆ కథ కల్పితము. అందలి నాయకుడు కోచీసు మాత్రము కల్పితుడు కాడు. ఆ పాత్రను మెక్సికో నటుడొకడు ధరించెను. నిజమైన కోచీసు ముఖమెట్టిదో మనకు తెలియదు. ఆతని ఛాయాచిత్రమొక్కటియు దొరకలేదు. ఆతనిగూర్చి మనమెరిగినదానిలో పెద్దపాలు శత్రుపక్షమువారు వ్రాసినదే.

పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరములలో కోచీసు చిరికావా అపాచీలయందు జన్మించెను. వారి కొండలలో కొంతభాగము నేడు అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున నున్నది. మంగస్ కొలరాడస్ అను ప్రసిద్ధ నాయకుని కుమార్తెను ఆతడు వివాహమాడెను. మెక్సికోవారితో ఆ జాతికి చిరకాల వైరము. అమెరికావారితో మాత్రము మొదట పొత్తే యుండెను. 1858 నుండి తపాలా బండ్లు అపాచీ కనుమగుండా నడచుచుండగా కోచీసు వానిని పోనిచ్చెను.

1861 జనవరిలో ఒక తెల్లవాని పశువులను, ఆ యింటి బాలునొకనిని అపాచీలు ఎత్తుకొనిపోయిరి. బాస్కమ్ అను యువ సైనికాధికారి కోచీసును గుడారమునకు పిలిపించి ఆ నేరము మోపెను. చలనచిత్రములందు ఎల్లెడల అశ్వికదళమే కానవచ్చును గాని, ఈ బాస్కమ్ పదాతిదళమువాడు. పిల్లవాడు తన యొద్ద లేడనియు, వెదకించి తెప్పింతుననియు కోచీసు చెప్పినను ఆతడు వినక బంధింప జూచెను. కోచీసు కత్తితో గుడారపు గుడ్డను చీల్చుకొని తప్పించుకొనెను. వెంటవచ్చిన భార్య, తమ్ముడు, మేనల్లురు పట్టుబడిరి. వారిని విడిపించుకొనుటకై ఆతడు కొందరు తెల్లవారిని పట్టి, మార్పిడికి కబురు పంపెను. బాలుడు లేనిదే మార్పిడి లేదని బాస్కమ్ పట్టుబట్టెను. కోచీసు తన బందీలను చంపించెను. ఇది క్రూరకృత్యమే, దానిని కప్పిపుచ్చరాదు. సైనికులు ఆతని తమ్ముని, మేనల్లురను, మరి ముగ్గురు అపాచీలను ఉరితీసిరి. ఆ బాలుడు వేరొక అపాచీ తెగయందు పెరిగి, పెద్దవాడై, మికీ ఫ్రీ అను పేర అమెరికా సైన్యముననే వేగులవాడుగా చేరెను!

పదునొకండేండ్లు పోరు సాగెను. 1862 జులైలో అపాచీ కనుమవద్ద సైన్యము ఫిరంగులు ప్రయోగింపగా కోచీసు వెనుకకు తగ్గెను. 1863 జనవరిలో సంధి మాటలకు వచ్చిన మామ మంగస్ కొలరాడస్‌ను సైనికులు పట్టి చంపిరి. అటుపిమ్మట తెల్లజెండాను ఆతడెట్లు నమ్మును?

నమ్మినది థామస్ జెఫర్డ్సు అను ఒక తెల్లవానిని. 1872లో ఆతడు, అంతర్యుద్ధమున కుడిచేయి పోగొట్టుకొన్న హోవార్డు సేనానిని సైన్యము వెంటలేకుండ డ్రాగూన్ కొండలలోనికి తోడ్కొని వచ్చెను. కొన్నిదినముల సంభాషణ పిమ్మట ఒడంబడిక కుదిరెను. అపాచీలకు తమ కొండలే మిగిలినవి, జెఫర్డ్సే పర్యవేక్షకుడయ్యెను. కోచీసు బ్రతికియున్నంతకాలము ఆ యొడంబడికను మీరలేదు. 1874 జూన్ 8న రోగపీడితుడై మరణించెను.

1876లో ప్రభుత్వము ఆ భూభాగమును రద్దుచేసి, ఆతని ప్రజలను సాన్ కార్లోసునకు తరలింప బూనుకొనెను. జెఫర్డ్సు పదవియు పోయెను. కోచీసును డ్రాగూన్ కొండలలో ఏ బండల నడుమ పూడ్చిరో ఎరిగిన తెల్లవాడు ఆతడొక్కడే. 1914 వరకు జీవించియు ఆ చోటు ఎవరికిని చూపలేదు.