చేంబర్లేన్ దొరగారి పుస్తక సేవ

వైద్యులును బోధకులునైన జేకబ్ చేంబర్లేన్ దొరగారు 1835లో అమెరికాలో పుట్టి, 1863లో మదనపల్లె చేరిరి. మన ఉపదేశకులు వేదశాస్త్రము నేర్వవలెనని స్వదేశములో ధనము కూర్చగా, పలమనేరులో ఆర్కాటు వేదపాఠశాల వెలసెను.

అయితే చదువు ముగించి పల్లెకు వెళ్లిన ఉపదేశకునికి పాఠశాల గ్రంథాలయము దూరమగును. వివరణ గ్రంథములు విస్తారముగా ఇంగ్లీషులోనే యుండెను. 1873 నుండి 1894 వరకు తెలుగు బైబిలు సవరణ సంఘాధ్యక్షులైన ఆయన, ముసలితనములో తెలుగు బైబిలు నిఘంటువునకు పూనుకొనిరి. ఆరోగ్యము చెడినను ఆ పని మానలేదు. 1908లో మదనపల్లెలోనే ప్రభువునందు నిద్రించిరి.

చెరలోని పౌలు సహితము పుస్తకములు తెమ్మని తిమోతికి వ్రాసెను (2 తిమోతి 4:13). మీ కాపరి కళాశాల గ్రంథాలయమునకు వెళ్లిన దినమును సెలవుగా ఎంచకుడి. మీ ఆదివారపు ఆహారము అక్కడ సిద్ధమగుచున్నది.