జాన్ న్యూటన్: విమోచన యొక్క వెల

విమోచన అను మాట దేవాలయములో పుట్టినది కాదు, సంతలో పుట్టినది. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో అది వెల చెల్లించి బానిసనో యుద్ధఖైదీనో విడిపించుటను తెలుపును. మన తెలుగు బైబిలులోని క్రయధనమను మాటయు ఆ భావమునే మోయుచున్నది. ఈ సత్యమును బోధించిన సేవకులు అనేకులు గలరు. అయితే ఆ సంతను కన్నులార చూచి, అందులో మనుష్యులను కొని అమ్మినవాడు జాన్ న్యూటన్.

అతడు 1725లో లండను నగరమున జన్మించెను. తండ్రి వర్తకపు ఓడకు అధిపతి. భక్తురాలైన తల్లి అతనికి వాక్యమును, కీర్తనలను నేర్పి, కుమారునికి ఏడేండ్లు నిండకమునుపే కన్నుమూసెను. 1744లో అతడు బలవంతముగా యుద్ధనౌకలో చేర్చబడి, పారిపోయి, పట్టుబడి, కొరడా దెబ్బలు తినెను. తరువాత పశ్చిమ ఆఫ్రికా తీరమున ఒక బానిస వర్తకుని కొలువులో చేరగా, ఆ వర్తకుని భార్య అతనిని బానిసకంటె హీనముగా చూచెను. జ్వరముతో పడియున్న దినములలో, సంకెళ్లలోనున్న బానిసలే తమ కొద్దిపాటి ఆహారములో కొంత రహస్యముగా తెచ్చి అతనికి పెట్టిరి.

1748 మార్చి నెలలో, ఇంగ్లండుకు తిరిగి వచ్చుచున్న గ్రేహౌండ్ అను ఓడ అట్లాంటిక్ సముద్రమున పెనుతుపానులో చిక్కుకొనెను. ఓడ ప్రక్క పగిలి నీరు లోనికి వచ్చెను. సరకులో మైనము, కలప వంటి తేలిక వస్తువులుండుటచేతనే అది మునుగలేదు. గంటల తరబడి నీరు తోడుచు, తెలియకయే న్యూటన్ నోట దేవుని కనికరమును కోరు మాట వెలువడెను. అదివరకు దేవదూషణ తప్ప వేరొకటి ఎరుగని నోరది. ఆ దినమును అతడు అటుపిమ్మట ఏటేట ఉపవాస ప్రార్థనలతో ఆచరించెను.

న్యూటన్ కథను ఇచ్చటనే ముగించువారు కలరు. కాని అటు ముగించుట సత్యము కాదు. మారుమనస్సు పొందిన యీ మనుష్యుడు 1750 మొదలు 1754 వరకు బానిసల ఓడలకు అధిపతిగా మూడు యాత్రలు చేసెను. ఆదివారమున నావికులను కూర్చి ఆరాధన జరిపించెను. అదే ఓడ అడుగున స్త్రీపురుషులు సంకెళ్లలో పడియుండిరి. తిరుగుబాటు చేయజూచినవారి వ్రేళ్లను మరలతో నొక్కించిన సంగతి అతని చేతివ్రాత దినచర్యలోనే యున్నది. 1754లో అతడు సముద్రమును విడుచుటకు కారణము మనస్సాక్షి కాదు, ఆకస్మికముగా వచ్చిన మూర్ఛ. ఆ కాలమున ఆ వర్తకము తప్పను సందేహమే తనకు కలుగలేదని పిదప తానే ఒప్పుకొనెను. క్షమాపణ ఒక్క రాత్రిలో దొరికెను గాని, చూపు వచ్చుటకు ఏండ్లు పట్టెను.

1764లో ఆయన గురువుగా అభిషేకము పొంది, ఆల్నీలో సేవ ప్రారంభించెను. అక్కడ కవి విలియం కూపర్ ఆయనకు ప్రాణమిత్రుడయ్యెను. లోకమంతట పాడబడుచున్న కృపను గూర్చిన కీర్తనను ఆయన 1773 నూతన సంవత్సర ఆరాధనకై వ్రాసెను. 1780లో లండనులోని సెయింట్ మేరీ వుల్నాత్ సంఘమునకు మారెను. క్లాడియస్ బుకానన్ అను యువకుడు ఆయన ప్రభావముచేత ప్రభువును ఎరిగి, కలకత్తాకు గురువుగా వచ్చి, మన దేశ భాషలలో లేఖనానువాదమునకు తోడ్పడెను. ఈ సంగతి మనలో బహుకొద్దిమందికే తెలియును.

1785లో పార్లమెంటు సభ్యుడైన విల్బర్‌ఫోర్స్ రహస్యముగా ఆయన యొద్దకు వచ్చెను. రాజకీయములను విడిచి సేవలో ప్రవేశింపవలెనా అని అతని మనోవేదన. న్యూటన్ అతనిని పార్లమెంటులోనే నిలువుమని ప్రోత్సహించెను. 1788లో, ఓడను విడిచిన ముప్పది నాలుగేండ్లకు, తాను చూచినదియు చేసినదియు చిన్న పుస్తకముగా ప్రకటించెను. అలమారలో పుస్తకములవలె మనుష్యులను ప్రక్కప్రక్కన పేర్చిన తీరు అందులో వర్ణించి, తన ఒప్పుకోలు ఆలస్యమైనదని సిగ్గుతో తెలిపెను. పిమ్మట ప్రీవీ కౌన్సిలు ఎదుటను, కామన్సు సభా సంఘము ఎదుటను సాక్ష్యమిచ్చెను. నేరము చేసినవాడే సాక్షిగా నిలిచినందున ఆ మాటలను త్రోసివేయుట సులభము కాకపోయెను.

1807 మార్చిలో బానిస వర్తకమును నిషేధించు చట్టము వెలువడెను. కన్నుచూపు దాదాపు పోయిన న్యూటన్ ఆ వార్త విని, అదే సంవత్సరము డిసెంబరు 21న నిద్రించెను. తన సమాధి ఫలకముపై చెక్కవలసిన మాటలను తానే వ్రాసి యుంచెను. అందులో తన్ను ఆఫ్రికాలో బానిసలకు దాసుడనియు, కనికరముచేత కాపాడబడి క్షమింపబడినవాడనియు చెప్పుకొనెను. ఓడకు అధిపతినైయుంటినని మాత్రము అందులో లేదు. ఆ సంగతిని ఆయన పార్లమెంటు ఎదుటనే చెప్పియుండెను.