వాల్తేరులో ఒక గది: దుర్గాబాయి దేశ్‌ముఖ్



పదో తరగతి ఫలితాలు రాగానే మీ ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది. కాలేజీ ఎంత దూరం? బస్సు దిగాక ఎంత నడవాలి? సాయంత్రం స్టడీ అవర్ అయ్యి ఇంటికొచ్చేసరికి ఎన్ని గంటలవుతుంది? గాజువాకలో ఉండే తల్లిదండ్రులు మధురవాడ కాలేజీని అబ్బాయికైతే ఒకలా చూస్తారు, అమ్మాయికైతే ఇంకోలా చూస్తారు. తప్పు పట్టడానికి రాయడం లేదు, ఆ భయం ప్రేమలోంచే వస్తుంది. కానీ ఆ లెక్కలో అమ్మాయి మార్కుల కంటే బస్సు టైముకే ఎక్కువ విలువ పడుతోందని మీకూ తెలుసు, మాకూ తెలుసు. సుమారు తొంభై ఏళ్ళ కిందట ఇదే ఊళ్ళో ఇదే చిక్కు ఎదురైన ఒకావిడ గురించి ఈ నెల చెప్పుకుందాం.

ఆమె దుర్గాబాయి. 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్ళి తనకు వద్దని, ఆయన్ను వేరే పెళ్ళి చేసుకోమని చెప్పి బయటికొచ్చారు. పన్నెండేళ్ళు వచ్చేసరికి, ఇంగ్లిషు మీడియం రుద్దుతున్నారని బడి మానేశారు. (ఈ ముక్క మన బడి పత్రికలోనే రాయాల్సి రావడం తమాషాగానే ఉంది.) బడి మానేసి ఊరుకోలేదు. తాను హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకు హిందీ నేర్పే పాఠశాల పెట్టారు.

1923 కాకినాడ కాంగ్రెస్ ప్రదర్శనలో టికెట్ లేదని నెహ్రూనే గుమ్మం దగ్గర ఆపిన పిల్ల ఈమే. ఆ కథ మీ పిల్లలు ఎలొక్యూషన్ పోటీల్లో చెబుతూనే ఉంటారు కాబట్టి వదిలేద్దాం. దానికి రెండేళ్ళ ముందు, గాంధీ కాకినాడ వచ్చినప్పుడు జరిగింది అంతకన్నా పెద్ద సంగతి. ఊళ్ళో దేవదాసీలు ఉన్నారు, పరదా దాటి రాని ముస్లిం స్త్రీలు ఉన్నారు. వాళ్ళు బహిరంగ సభకు రారు, రాలేరు. వాళ్ళకోసం గాంధీ విడిగా కాసేపు రావాలని దుర్గాబాయి పట్టుపట్టారు. ఐదు వేల రూపాయల నిధి సమకూరిస్తే చూద్దామన్నారు పెద్దలు. పిల్ల వెనక్కి తగ్గుతుందనుకున్నారో ఏమో! డబ్బు సమకూరింది, స్థలం కుదిరింది, గాంధీ వచ్చారు. సభకు రాని ఆడవాళ్ళకు దేశభక్తి లేదనుకోకుండా, వాళ్ళు రాగలిగిన చోటుకు సభనే తీసుకురావాలనుకుంది పన్నెండేళ్ళ పిల్ల. తర్వాత ఆమె చేసిన చాలా పనుల్లో ఇదే పద్ధతి కనిపిస్తుంది.

1930 ఉప్పు సత్యాగ్రహం నుంచి మూడుసార్లు జైలుకెళ్ళారు. వెల్లూరు, మధుర జైళ్ళలో ఆమె చూసిన ఆడ ఖైదీల్లో కొందరికి తమ మీద మోపిన నేరమేమిటో, తమ తరఫున ఏం చెప్పుకోవచ్చో కూడా తెలియదు. లాయరు కావాలని నిశ్చయించుకున్నది అక్కడే. కానీ చేతిలో మెట్రిక్ కూడా లేదు. ఇరవై దాటాక పిల్లల పుస్తకాలు ముందేసుకుని, కాశీ హిందూ విశ్వవిద్యాలయం పరీక్షలు రాసి గట్టెక్కారు. అక్కడే రాజనీతి శాస్త్రం చదువుదామంటే, అది మగవాళ్ళు చదివే సబ్జెక్టన్నది అక్కడి పెద్దల ఆలోచన. అప్పుడు ఆమె చూపు వాల్తేరు మీద పడింది.

అప్పటి వాల్తేరును ఒకసారి ఊహించుకోండి. ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడ నుంచి ఇక్కడికి వచ్చింది 1930లో. హార్బరు 1933లో తెరిచారు. స్టీలు ప్లాంటు మాట అప్పటికి ఎవరి కలలోనూ లేదు. రాజమండ్రి నుంచి ఇక్కడికి రైల్లో రెండు వందల కిలోమీటర్లు. రావడం కష్టమేమీ కాదు. 1890 నాటి రైల్వే చట్టం ప్రకారం ప్రతి ప్యాసింజర్ రైల్లో ఆడవాళ్ళకు విడిగా ఒక కంపార్ట్‌మెంట్ ఉండి తీరాలి. యాభై మైళ్ళకు మించి వెళ్ళే రైలైతే అందులో మరుగుదొడ్డి కూడా ఉండాలి. అంటే ఆడపిల్ల ప్రయాణం గురించి చట్టం అప్పటికే ఎంతో కొంత ఆలోచించింది. ఆ పిల్ల రైలు దిగాక ఎక్కడ ఉంటుందన్నది మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

వైస్ చాన్సలర్ సి.ఆర్. రెడ్డి గారు వెనకాడింది సరిగ్గా అక్కడే. అమ్మాయిలకు హాస్టల్ లేదు, ఎలా చేర్చుకోవడం? ఆయన చదువుకు అడ్డుపడే మనిషి కాదు. అయినా, గది లేదంటే సీటు లేనట్టే కదా.

ఇక్కడ మనలో ఎవరమైనా రెండే దారులు చూస్తాం. ఎవరో బంధువుల ఇల్లు వెతుక్కోవడం, లేదా దగ్గర్లో దొరికిన కోర్సుతో సరిపెట్టుకోవడం. దుర్గాబాయి పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలెవరైనా ఉంటే తనకు తెలియజేయమన్నారు. అమ్మాయిలు దొరికారు. అందరూ కలిసి ఒక చోటు చూసుకుని హాస్టల్ మొదలుపెట్టారు. ఇక కాదనడానికి విశ్వవిద్యాలయానికి కారణం మిగల్లేదు. 1939లో ఆమె డిగ్రీ పుచ్చుకున్నారు, తర్వాత మద్రాసులో లా చదివి 1942లో హైకోర్టులో న్యాయవాది అయ్యారు.

ఆ ప్రకటన దగ్గర నాకు ఆగి ఆలోచించాలనిపిస్తుంది. ఆమెకు కావలసింది తనొక్కదానికి గది. మూడుసార్లు జైలుకెళ్ళొచ్చిన మనిషి, గట్టిగా అడిగితే ఎవరో ఒకరు ఇచ్చేవారే. కానీ తనొక్కతే అడిగితే అది ఒకమ్మాయి మొండితనంగా మిగిలేది. పదిమందీ కలిసి అడిగేసరికి అది ఊళ్ళో ఉన్న లోటని తేలింది.

ఆ తర్వాతి జీవితం మీరు పాఠ్యపుస్తకాల్లో చదివిందే: రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్ష పదవి, అదే ఏడాది చింతామన్ దేశ్‌ముఖ్‌తో వివాహం. అంతగా చెప్పుకోనిది ఒకటుంది. ఆడపిల్లల చదువు మీద 1958లో కేంద్రం వేసిన జాతీయ కమిటీకి ఆమె అధ్యక్షురాలు. మరుసటి ఏడాది వచ్చిన ఆ నివేదికలో ఆదర్శాల కంటే ఏర్పాట్ల గురించే ఎక్కువ పట్టింపు కనిపిస్తుంది. హాస్టళ్ళు కావాలి, మహిళా టీచర్లకు ఉండడానికి ఇళ్ళు కావాలి, ఆడపిల్లలు బడికి రావడానికి రవాణా కావాలి, ఆడా మగా కలిసి చదివే చిన్న బళ్ళలో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే స్కూల్ మదర్ ఒకామె కావాలి. ఉదయం మన స్కూలు బస్సు మెట్టు మీద నిలబడి మీ పాపను చెయ్యి పట్టి ఎక్కించుకునే ఆయమ్మను చూసినప్పుడు నాకు ఆ స్కూల్ మదరే గుర్తొస్తుంది. మధ్యలో చదువాపేసిన పెద్ద ఆడవాళ్ళు తక్కువ కాలంలో బడి చదువు పూర్తిచేసి ఉద్యోగంలో చేరేలా సంక్షేమ బోర్డు కోర్సులు మొదలుపెట్టింది కూడా 1958లోనే. దేవదాసీల కోసం సభ పెట్టించిన పిల్లే ఇక్కడా కనిపిస్తుంది.

ఇప్పటి మన ఊరికి వద్దాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు. అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలకు పల్లెల నుంచి వేలమంది అమ్మాయిలు కంపెనీ బస్సుల్లో వస్తున్నారు. ఆ బస్సే లేకపోతే వాళ్ళలో చాలామందికి ఆ జీతం లేదు. మీలోనే పోర్టులో, ఆసుపత్రుల్లో షిఫ్టులు చేసే అమ్మలున్నారు. రాత్రి షిఫ్టు దిగి, స్టాపు నుంచి ఇంటి గుమ్మం దాకా లైట్లు లేని సందులో నడిచే ఆ పది నిమిషాలు ఎంత పొడుగ్గా ఉంటాయో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఛార్జీ తీసేసినంత సులువుగా ఆ పది నిమిషాలను తీసేయలేం. అమ్మాయి కాలేజీ లెక్కల్లో మీరు తడుముకునేది కూడా చాలాసార్లు ఆ చివరి ముక్క దగ్గరే.

కాబట్టి ఈసారి దూరం దగ్గర మాట ఆగినప్పుడు, కాలనీలో అదే కాలేజీ వద్దనుకున్న ఇళ్ళు ఇంకెన్ని ఉన్నాయో ఒకసారి కనుక్కోండి. నలుగురమ్మాయిలు దొరికితే ఆటో కుదురుతుంది. పాతికమంది దొరికితే బస్సు వేయమని డిపోకు వెళ్ళి అడగొచ్చు. దరఖాస్తు రాయడంలో సాయం కావాలంటే మా ఆఫీసుకు రండి.

దుర్గాబాయి 1981 మే 9న కన్నుమూశారు. ఢిల్లీ మెట్రో పింక్ లైన్‌లో, విశ్వవిద్యాలయం సౌత్ క్యాంపస్ దగ్గరి స్టేషన్‌కు ఆమె పేరే పెట్టారు. రైలు తలుపులు తెరుచుకునే ముందు రోజూ ఆ పేరు వినిపిస్తుంది. పుస్తకాల సంచీలు భుజాన వేసుకుని అమ్మాయిలు దిగిపోతుంటారు. వాళ్ళలో మన విశాఖ పిల్లలూ ఉంటారు.