దత్తమండలముల మన్రో దొర

సర్ థామస్ మన్రో 1761లో స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున జన్మించెను. 1780లో ఈస్టిండియా కంపెనీ సైనికుడుగా చెన్నపట్నము చేరి, హైదరాలీతోను, టిప్పు సుల్తానుతోను జరిగిన యుద్ధములందు పోరాడెను.

1800లో నిజాము కంపెనీకి విడిచిన దత్తమండలములకు ప్రధాన కలెక్టరై పాలెగాండ్రను కఠినముగా అణచెను. ఏడేండ్లు ఊరూర గుడారములలో బసచేయుచు, పొలములు కొలిపించి, రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. తాను విధించిన శిస్తే రైతునకు భారమగుచున్నదని గ్రహించి, నూటికి 25 చొప్పున తగ్గింపవలెనని 1807లో పై యధికారులకు వ్రాసెను. వారు అంగీకరింపలేదు. 1820లో మదరాసు గవర్నరైన పిదప ఆ తగ్గింపును తానే అమలు జరిపెను.

స్వదేశమునకు మరలుటకు ముందు ఆ సీమను కడసారి చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాచే కన్నుమూసెను. ఆయన పరప్రభుత్వోద్యోగియే యైనను, సీమ రైతులు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడి ఆయనను తలచుకొనిరి.